కాటా మీద సిలిండర్

మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ నలభై ఐదు రోజులు వచ్చేది. మొన్న శ్రావణంలో ముప్పై మూడో రోజుకే పొయ్యి ఆరిపోయింది. ఆ తర్వాతది ముప్పై రోజులు కూడా నిలవలేదు. వంట మారలేదు, తినే నోళ్లు పెరగలేదు. దీన్ని దొంగతనం అనక ఏమంటారో మీరే చెప్పండి.

నా పేరు రాజేశ్వరమ్మ. ఆళ్లగడ్డ బజారులో మా ఆయన సుబ్బరామయ్యకు కిరాణా అంగడి ఉంది, దాని వెనకే మా ఇల్లు. నలభై ఏళ్లుగా ఆ అంగడి మంచిచెడ్డలు చూస్తున్నదాన్ని. చింతపండులో గింజలు దాచి తూకం పెంచేవాళ్లను చూశాను, ధనియాల బస్తాకు నీళ్లు చల్లి తెచ్చేవాళ్లను చూశాను. మనిషి నవ్వుతూ ఎదురొస్తే ముందు చేతిలో ఉన్న సంచి వంక చూస్తాను. అది నా గుణం. ఆ గుణమే లేకపోతే మా అంగడి ఎప్పుడో మూతపడేది.

అందుకే సిలిండర్ సంగతిలో మొదట కోడల్ని అనుమానించాను. మా ఉషశ్రీది నంద్యాల. ఆరు నెలల కిందట వాళ్ల పుట్టింటివాళ్లు మూడు పొయ్యిల గాజు స్టవ్ కొనిపంపారు. దాన్ని హాబ్ అనాలట. గ్రానైట్ బండకు కంత కోసి అందులో దించారు. సిలిండరేమో బండ కింద ఆ చివరన చెక్క గూట్లోకి పోయింది. తలుపు వేస్తే అది ఉందో లేదో కూడా తెలియదు. కంటికి కనబడకుండా పనిచేసే వస్తువంటే నాకు మొదటినుంచీ గిట్టదు.

స్టవ్ బిగించడానికి వచ్చినవాడు రబ్బరు ట్యూబు కూడా మార్చాలన్నాడు. పాతది గట్టిగానే కనిపించింది. కొత్తది అంటగట్టే ఎత్తు కాబోలు అనుకుని, "ఉన్నదాన్నే ఎయ్యప్పా, చూస్తాండా నేను" అన్నాను. వేశాడు. పోతూ పోతూ గూటి తలుపుకు అడుగున రెండు చిల్లులు పెట్టి, గాలి ఆడాలన్నాడు. కిరాణా ఇల్లు మాది. వేలు దూరే సందు దొరికితే చాలు, ఎలుకలు సంసారం పెడతాయి. మరునాడే ఆ చిల్లుల్లో గోనెపట్ట కుక్కేశాను.

ఉషశ్రీ పద్ధతులు వేరు. పప్పు గంట ముందే నానబెడుతుంది. గిన్నె మీద మూత పెట్టనిదే పొయ్యి వెలిగించదు. కుక్కర్‌కు మొదటి విజిల్ రాగానే మంట తగ్గిస్తుంది. మంట గిన్నె అంచులు దాటి పైకి లేచిందంటే ఆ సెగ గాలికే పోతుందట. ఒకరోజు మంట పచ్చగా మారి గిన్నె అడుగు నల్లబడితే, బర్నరు ఊడదీసి పిన్నీసుతో ప్రతి కన్నం పొడిచి కడిగింది. మంట మళ్లీ నీలంగా వచ్చింది. పడుకునేముందు గూట్లోకి చెయ్యి పెట్టి రెగ్యులేటర్ ఆపేది. ఇంత పొదుపరి చేతిలో గ్యాస్ ఇట్లా ఎట్లా కరుగుతుంది? పొదుపు పైకి చూపించి లోపల ఇంకేదో చేస్తోందని అనుకున్నాను. ఏం చేస్తుందో మాత్రం తోచలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది అప్పటికి మా ఆయనకు కూడా తెలియదు.

ఆళ్లగడ్డలో నా ముక్కుకు పేరుంది. పాములపాడు నుంచి సంజీవయ్య నెయ్యి డబ్బాలు తెస్తే మూత తీసి ఒక్కసారి వాసన చూసి, ఇది ఆవుదో, బర్రెదో, ఎన్నాళ్ల వెన్న కాచిందో చెప్పేదాన్ని. ఇంగువలో పిండి ఎంత కలిసిందో, శనగనూనెలో వేరే నూనె పడిందో లేదో నా ముక్కే తేల్చేది. "రాజేశ్వరమ్మ వాసన చూసిందా?" అని అడిగి మరీ నెయ్యి కొనేవాళ్లు. మా ఆయన నలుగురిలో చెప్పుకొని మురిసేవాడు.

కరోనా జ్వరం వచ్చినప్పుడు ఆ ముక్కు పోయింది. అందరికీ నెలకో రెండు నెలలకో తిరిగొచ్చింది. నాకు రాలేదు. నాలుగేళ్లయింది. మల్లెపూలు పెట్టుకుంటే కాగితాలు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నెయ్యి ఎవరు కొంటారు? ఇంట్లో ఈ నడుముకున్న తాళంచెవుల గుత్తి ఎన్నాళ్లుంటుంది? ముసలిదయింది, పక్కన కూర్చోబెట్టండి అంటారు. ఆ మాట వినాల్సి వస్తుందని నాకు ప్రాణభయమంత భయం.

ఎట్లా నెట్టుకొచ్చానంటారా? రంగు చూసి, వేళ్ల మధ్య రాసి, నాలుక మీద వేసుకుని సగం కనిపెట్టేదాన్ని. మిగతా సగానికి తిరుపాలమ్మ నోటి దురద అక్కరకొచ్చేది. తిరుపాలమ్మది అహోబిలం దగ్గర చెంచుగూడెం. పెళ్లయి ఆళ్లగడ్డకు వచ్చింది. ఆరేళ్లుగా మా ఇంట్లో గిన్నెలు తోముతుంది, ఇల్లు తుడుస్తుంది, కూరలు తరుగుతుంది. నేను డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేసరికి, అడగకుండానే, "గుమ్మంటాంది గదమ్మా" అనో, "ఏందీ నెయ్యి, ముక్కిపోయిండాది" అనో అనేది. నీకెందుకే మధ్యలో అని కసిరేదాన్ని. ఆమె అన్న మాటే కాస్త గంభీరంగా మార్చి మా ఆయనకు చెప్పేదాన్ని. తనకు సంబంధం లేనివాటిలో తల దూర్చే మనిషి ఏదో ఆశించే దూరుస్తుందని మాత్రం మనసులో రాసిపెట్టుకున్నాను.

ఆశ్వయుజంలో ఉషశ్రీ పది రోజులు నంద్యాల వెళ్లింది. ఆ పది రోజులూ గ్యాస్ అట్లాగే తరిగి, సిలిండర్ మళ్లీ ముందే అయిపోయింది. కోడలి మీద అనుమానం తీరిపోయింది. మా అబ్బాయి ప్రశాంత్‌కు పొయ్యి ఏ వైపు తిప్పితే వెలుగుతుందో కూడా తెలియదు. ఇక మిగిలింది తిరుపాలమ్మ. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయమన్నట్టుంది మా ఇంటి వరస.

చూడటం మొదలుపెడితే కనబడనిదేముంది? సాయంత్రం వెళ్లేటప్పుడు ఆమె చేతిలో స్టీలు డబ్బా ఉండేది, అది వెచ్చగా ఉండేది. మధ్యాహ్నం నేను కునుకు తీసే వేళ వంటింట్లో చప్పుడయ్యేది. వాళ్లింట్లోనూ గ్యాస్ ఉందని తనే చెప్పింది. అది అయిపోయిన రోజుల్లో ఇక్కడే నీళ్లు కాచుకుని, ఇక్కడే వండుకుని పోతోందేమో! నేను అడగలేదు. అడిగితే దొంగ జాగ్రత్త పడుతుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి కాటా లేదు కాబట్టి పట్టలేకపోయి ఉంటాడు. నాకుంది.

కొత్త సిలిండర్ వచ్చిన వారానికి, ఒక సోమవారం, అంగట్లో మూలపడిన పాత ముల్లు కాటాను ఇంటికి తెప్పించి గూట్లో పెట్టించాను. దాని మీద సిలిండర్ను నిలబెట్టించాను. గూటికి గడియ బిగించి తాళం వేశాను. తాళంచెవి నా నడుముకు.

"ఏందీ పని అత్తా?" అంది ఉషశ్రీ. ఆమె అంతకుముందు వారమే పుట్టింటినుంచి తిరిగొచ్చింది. "రాత్రిపూట రెగ్యులేటర్ ఆపాల గదా. తాళమేస్తే ఎట్లా ఆపేది?"

"పైన నాబ్‌లు ఉండాయి గదా. అవి ఆపితే సాలు. ఇన్నేండ్లు మేం బతకలేదా?"

"ఇంగొకటి చెప్తా అత్తా. ఈ మధ్య పొద్దున్నే వంటింట్లోకి వస్తే ఏందో వాసన తగుల్తాంది. గ్యాసు మాదిరి."

 వాసన గురించి ఎవరు మాట్లాడినా నాకు భయం. "నాకేం రాల్యా" అన్నాను గట్టిగా.

ఉషశ్రీ ఒక్క క్షణం ముక్కు ఎగబీల్చి, నవ్వేసింది. "నీకే రాలేదంటే ఇంగ లేనట్టే లే. నా భ్రమేమో."

ఆ మాటకు నేను సంతోషించాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ రాత్రి ఎనిమిదింటికి కాటా ముల్లు ఇరవై ఆరు కిలోల నాలుగు వందల దగ్గర ఉంది. మంగళవారం పొద్దున లేచి తాళం తీసి చూస్తే ఇరవై ఆరు కిలోల రెండు వందలు. రాత్రంతా పొయ్యి వెలిగించింది లేదు, తాళం వేసింది వేసినట్టే ఉంది, రెండు వందల గ్రాములు పోయాయి. అంటే ఏమిటి? దొంగకు మారు తాళంచెవి ఉందని. అప్పట్లో నాకు తోచిన అర్థం అదొక్కటే.

మంగళవారం రాత్రినుంచి రోజూ పడుకునేముందు గూటి ముందు బండల మీద బియ్యప్పిండి పల్చగా చల్లాను. ఎవరు వచ్చినా అడుగు పడాలి కదా. బుధవారం పొద్దున పిండి మీద చీమ నడిచిన జాడ కూడా లేదు. కాటా మాత్రం రాత్రికి రాత్రే ఇంకో రెండు వందల యాభై తగ్గింది. మొదటి రాత్రికన్నా రెండో రాత్రి ఎక్కువ పోయింది! నాకు నిజంగా భయం పట్టుకుంది. అడుగు పడకుండా వచ్చి, తాళం కదలకుండా తీసి, గ్యాస్ పట్టుకుపోయే మనిషి ఎట్లాంటి మనిషి?

అప్పుడు వెనక సందులోకి ఉన్న కిటికీ నా కళ్లబడింది. తిరుపాలమ్మ ఆ సందులోంచే వస్తుంది, పోతుంది. కిటికీలోంచి ఏ గొట్టమో లోపలికి వదిలి లాగుతున్నారేమో! ఇప్పుడు మీరు నవ్వుతారు. అనుమానం తలకెక్కినప్పుడు గొట్టం ఏం, ఏనుగైనా కిటికీలో పడుతుంది. బుధవారం రాత్రినుంచి కిటికీ మూసి లోపల గడియ పెట్టాను. వంటింటి తలుపు కూడా దగ్గరికి లాగి గొళ్లెం వేశాను.

గురువారం పొద్దున తిరుపాలమ్మ వంటింట్లో కాలు పెట్టి ఆగిపోయింది. అప్పటికి నేను తలుపులు తెరిచి కొంత సేపయింది.

"అమ్మా, గూడు ఒకతూరి తెరుచ్చావా? దాంట్లోంచి గ్యాసు వాసన వస్తాంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాను. నాలుగు రోజులనుంచి తాళం పడింది కదా, తెరిపించే ఉపాయం ఇది. "నా ముక్కుకు రాని వాసన నీ ముక్కుకు యాడినుంచి వస్తాందే? పని చూసుకో పో" అన్నాను.

ఆమె కదల్లేదు. నా ముఖంలోకి తేరిపార చూసింది. పనిమనిషి యజమానురాలిని చూసే చూపు కాదది, అంగట్లో నేను సరుకును చూసే చూపు. నాకు ఒళ్లు మండింది. ఆమె చీపురు తీసుకుంది. వెళ్లేముందు కిటికీ బార్లా తెరిచి పోయింది. ఆమె గడప దాటగానే నేను మళ్లీ మూశాను.

శుక్రవారం మా ఇంట్లో పొయ్యికి పూజ. మా అత్తగారి కాలం నుంచీ ఉన్న అలవాటు. తెల్లవారుజామునే తలస్నానం చేసి, తడిబట్టతో వంటింట్లోకి మొదట నేనే వెళతాను. పొయ్యికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి, బండ మీద దీపం వెలిగించి, ఆ తర్వాతే పాలు పెడతాను. గాజు స్టవ్ వచ్చాక ఆ గాజుకే బొట్లు పెడుతున్నాను. ఉషశ్రీ నవ్వుకుంటుంది కానీ అడ్డు చెప్పదు.

ఆ శుక్రవారం కూడా అట్లాగే వెళ్లాను. రాత్రంతా కిటికీ, తలుపు మూసే ఉన్నాయి. అప్పుడప్పుడే తెల్లవారుతోంది, గాజు కిటికీలోంచి కాస్త వెలుగు పడుతోంది. అందుకే లైటు వేయలేదు. బొట్లు పెట్టాను. ప్రమిదలో నూనె పోశాను, వత్తి సరిచేశాను. తిరుపాలమ్మ వచ్చే వేళయిందని పెరటి తలుపు గడియ తీసి, మళ్లీ బండ దగ్గరికి వచ్చి అగ్గిపెట్టె తీసుకున్నాను. పుల్ల పెట్టెకు ఆనించాను.

"అమ్మా! గియ్యద్దు!"

తిరుపాలమ్మ గడపలోంచి ఒక్క ఊపున వచ్చి అగ్గిపెట్టె మీద అరచెయ్యి వేసి నొక్కింది. నా వేళ్లు ఆమె చేతికింద ఇరుక్కున్నాయి.

"మడిలో ఉంటే ముట్టుకుంటావా? నీకేమన్నా పిచ్చా?" అని అరిచాను.

"గ్యాసు కమ్ముకునిండాదమ్మా. ముక్కు పగిలిపోతాంది. అగ్గి గీస్తే అంతే."

"ఏ వాసనా లేదు! వదులు చెయ్యి!"

ఆమె వదల్లేదు. రెండో చేత్తో పోపుల అరలోంచి ఏదో తీసి, పిడికిట్లో పెట్టి, ఆ పిడికిలి నా ముక్కు కింద ఉంచింది. "ఇదేందో చెప్పమ్మా. చెప్తే చెయ్యి తీస్తా."

నేను గాలి పీల్చాను. గాలి తప్ప ఏమీ లేదు. శుక్రవారం, పూజ వేళ, అరలో పూజ సామాను కూడా ఉంటుంది. "కర్పూరం" అన్నాను.

ఆమె పిడికిలి విప్పింది. ఇంగువ ముద్ద. పది గజాల దూరంనుంచి గుర్తుపడతానని ఆళ్లగడ్డంతా చెప్పుకునే ఇంగువ.

"నీకు వాసన రాదు గదమ్మా" అంది తిరుపాలమ్మ. గొంతు బాగా తగ్గించి, పక్కగదిలో ఉన్న కోడలికి వినబడకుండా అంది. "ఆ జ్వరం వచ్చినప్పటినుంచి రాదు. నాకు తెల్సు. ఎవురితోనూ అన్లా. ఇప్పుడు మాత్రం నా మాట ఇను. స్విచ్చి ముట్టుకోవద్దు. తాళంచెవి ఇయ్యి. బేగా."

దొంగకు తేలు కుట్టినట్టయింది నాకు. అరవలేను, కాదనలేను. నడుముకున్న గుత్తి వైపు చూపించాను. ఆమే వంగి విప్పుకుంది. కిటికీ రెక్కలు తోసింది. మెల్లగా గూడు తెరిచి రెగ్యులేటర్ ఆపి, ఊడదీసి, సిలిండర్‌కు మూత బిగించింది. ఉషశ్రీని, మగవాళ్లను కేకేసి, లైట్లు వేయకుండా వీధి తలుపు తెరుచుకుని బయటికి పొమ్మంది. సిలిండర్ను కాటా మీదనుంచి దించి, అంచు మీద దొర్లించుకుంటూ పెరట్లోకి తీసుకుపోయింది.

నేను అక్కడే నిలబడ్డాను. మూడు రాత్రులుగా దొంగ అడుగుల కోసం చల్లుతున్న పిండి మీద మొదటిసారి ఇంకొకరి అడుగులు పడ్డాయి. తిరుపాలమ్మవి. లోపలికి వెళ్లినవి, బయటికి వచ్చినవి. ఇంటిల్లిపాదినీ కాపాడి బయటికి వచ్చిన కాళ్లవి.

ఉషశ్రీ వీధిలోకి వెళ్లి గ్యాస్ లీకేజీ నంబరు 1906కు ఫోన్ చేసింది. గంటలోపే మెకానిక్ అబ్రహాము వచ్చాడు. ముందు గూట్లో ఉన్న కాటాను చూసి, "ఇదేందమ్మా, గ్యాసు గూడా కిలోల్లెక్కన అమ్ముతాండారా?" అన్నాడు.  సిలిండర్ మూతి దగ్గర రబ్బరు వాషరు చూశాడు, బాగానే ఉందన్నాడు. పాత ట్యూబు ఊడదీశాడు. సబ్బు నురగ రాసి ఒక కొస మూసి మరో కొసలోంచి ఊదాడు. బండ కంతలో వంపు తిరిగిన చోట నురగ బుడగలు బుడగలుగా లేచింది. అక్కడ వంచి చూపించాడు. చలికాలంలో మడమలు పగిలినట్టు వరసగా పగుళ్లు.

"దీని మీద ఏసిన సంవత్సరం చూడమ్మా. అయిదేండ్లకు మార్చాల. ఇది ఎనిమిదేండ్లది" అన్నాడు. తర్వాత గూటి అడుగున చెయ్యి పెట్టి గోనెపట్ట పీకాడు. "చిల్లులు ఎందుకు మూసినారు? గ్యాసు గాలికన్నా బరువు, కిందనే కూచుంటాది. దీంట్లోంచే బయటికి పోవాల. చిల్లులు మూసినారు, కిటికీ మూసినారు, రెగ్యులేటర్ ఆపకుండా తాళమేసినారు. ఒక్క పుల్ల గీసింటే..." ఆపేశాడు.

మా ఆయన ముఖం పాలిపోయింది. కానీ ఆయనకు ఒక్కటే అర్థం కాలేదు. "రాజేశ్వరి ముక్కుకు రాలేదంటే ఇది పాత లీకేజీ కాదప్పా" అన్నాడు అబ్రహాముతో. "ఎవురో లాగింటే అది రాత్రికి పగిలిండాల." తిరుపాలమ్మ వైపు తిరిగాడు. "మొన్న ఆదివారం గూడు కడిగింది నువ్వే గదా. ట్యూబు లాగినావా? నిజం చెప్పు."

అందరూ ఆమె వైపు చూశారు. తిరుపాలమ్మ బండల వైపు చూస్తూ నిలబడింది. లాగానని అనలేదు, లాగలేదని కూడా అనలేదు. లాగలేదంటే తర్వాతి ప్రశ్న నా ముక్కు మీదికి వస్తుందని ఆమెకు తెలుసు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే నా సంగతి ఎక్కడ బయటపడుతుందోనని చూడలేదు.

నేను నోరు మూసుకుంటే చాలు. ముక్కు నిలుస్తుంది, పేరు నిలుస్తుంది, గుత్తి నడుముకే ఉంటుంది. ఆమె పని మాత్రం పోతుంది. నిజం చెప్పనా, ఒక క్షణం నోరు మూసుకునే ఉన్నాను. ఆ ఒక్క క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఆమె కాదు" అన్నాను. "నాకు వాసన రాదు."

"ఏందీ?" అన్నాడు మా ఆయన.

"రాదు. నాలుగేండ్లాయె. జ్వరంతో పోయినాది, మళ్లీ రాల్యా. ట్యూబు మార్చద్దన్నది నేను. చిల్లులు మూసింది నేను. గ్యాసు తిరుపాలమ్మ దొంగిలిస్తాందని తాళమేసింది గూడా నేనే."

ఆయన బండకు ఆనుకున్నాడు. "మరి నెయ్యి? ఇంగువ? ఇన్నాళ్లూ ఎవురు చూసినారు?"

చెయ్యెత్తి తిరుపాలమ్మను చూపించాను. 

ఉషశ్రీ అప్పటిదాకా గోడవారగా నిలబడి ఉంది. ఆమె కళ్లనిండా నీళ్లు. "నాకు రోజూ వాసన వచ్చింది అత్తా. నీకు రాలేదంటివని నా ముక్కును నేనే నమ్మలేదు" అంది. దెప్పుతూ అనలేదు. భయపడి అంది. తాళంచెవుల గుత్తి బండ మీద పడి ఉంటే తీసుకుని నా చేతిలోనే పెట్టింది. అది నేను అనుకోలేదు.

అబ్రహాము కొత్త ట్యూబు బిగించి, సబ్బు నురగతో మరోసారి పరీక్షించి పోయాడు. చిల్లులకు ఎలుకలు దూరని ఇనుప జాలీ కొట్టించాం. గూటికి గడియ పీకేశాం. కాటా అంగడికి తిరిగి పోయింది. రాత్రి రెగ్యులేటర్ ఆపామా లేదా అని ఇప్పుడు ఇంట్లో ముగ్గురు మూడుసార్లు అడుగుతారు. దీపం మాత్రం ఇక దేవుడి గదిలోనే.

ఆ సాయంత్రం తిరుపాలమ్మ వెళ్లబోతుంటే పెరట్లో ఆపాను. చేతిలో ఎప్పటిలాగే వెచ్చటి స్టీలు డబ్బా. నేను అడక్కుండానే మూత తీసి చూపించింది. మధ్యాహ్నం మిగిలిన పప్పు. మా కోడలే రోజూ వేడిచేసి ఇచ్చేదట. 

"నాలుగేండ్లు తెలిసి గూడా ఎందుకు చెప్పలేదే? ఇంట్లో గ్యాసు కారుతాందని నిన్నయినా గట్టిగా అరవకపోతివా?"

"చెప్పినా గదమ్మా" అంది. "నువ్వు నమ్మితివా?"

ఆమె డబ్బా మూత పెట్టుకుని సందులోకి నడిచింది. 

పది రోజులకు సంజీవయ్య పాములపాడు నుంచి నెయ్యి తెచ్చాడు. ఎప్పటిలాగే డబ్బా నా ముందు పెట్టి, "చూడమ్మా" అన్నాడు. అంగట్లో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లు కూడా ఉన్నారు. నేను లోపలికి తిరిగి తిరుపాలమ్మను పిలిచాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇంగనించి ఈమె చూస్తాది సంజీవయ్యా. నాకు వాసన రాదు" అని, లేచి నా పీట ఆమె వైపు జరిపాను.